బల్ల చప్పుడుకి బెదిరిన రాగి: ఒక నాటు కుక్కకి అజిలిటీ మొదలుపెట్టిన కేసు

నెల్లూరులో పొదలకూరు రోడ్డు వైపు కొత్తగా వేసిన లేఅవుట్లలో ఒక ఇంట్లో ఉంటుంది రాగి. ఆడది, నాటు కుక్క. పేరుకి తగ్గట్టే రాగి చెంబు రంగు, ముందు కాళ్లు రెండూ మాత్రం సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా ఉంటాయి. ఆ ఇంటి పెద్దాయన అల్లూరు దగ్గర రొయ్యల చెరువు చూసుకునే రోజుల్లో కాపలా పాక పక్కన దొరికిన పిల్ల ఇది. దీపావళి అయిన వారానికి నాకు ఫోన్ వచ్చింది. చేసింది వాళ్లమ్మాయి, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. "అన్నా, మా రాగి నాలుగున్నర అడుగుల గోడ ఒక్క ఎగురు ఎగిరి దూకేస్తాది. దానికి అజిలిటీ నేర్పిస్తే ఎట్టుంటాదంటారు?" అని అడిగింది.

గోడ దూకడానికీ అజిలిటీకీ పెద్దగా సంబంధం లేదు. అవతల మేక కనపడితే ఏ కుక్కైనా గోడ దూకుతుంది. అజిలిటీలో కుక్క మెడకి తాడుండదు, మన చేతిలో కర్ర ఉండదు, మనం కుక్కని ముట్టుకోకూడదు. మనం పక్కన పరిగెడుతూ భుజం, పాదం ఎటు తిప్పితే అది అటు చూసి అడ్డు దూకాలి, గొట్టంలోంచి దూరి రావాలి, బల్ల మీద నడవాలి, కర్రల మధ్య పాములా మెలికలు తిరగాలి. 1978లో ఇంగ్లండ్‌లో క్రఫ్ట్స్ డాగ్ షో మధ్యలో జనానికి కాలక్షేపంగా ఉంటుందని గుర్రాల దూకుడు పోటీల నమూనాలో పెట్టిన ప్రదర్శన ఇది, అక్కణ్ణుంచే ప్రపంచమంతా పాకింది. మన దగ్గర ట్రైనింగ్ అంటే ఇంకా సిట్, స్టే, షేక్‌హ్యాండ్ దగ్గరే ఉన్నాం. అందుకే ఒక నాటు కుక్కకి ఇది నేర్పించమని ఎవరో అడగ్గానే నాకు చాలా సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే నేనొక తప్పు కూడా చేశాను. ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

మొదటి రోజు కుక్కకి ఏమీ నేర్పలేదు, ఊరికే చూశాను. వయసు సుమారు 18 నెలలు, బరువు 15 కిలోలు, భుజం దగ్గర ఎత్తు 47 సెంటీమీటర్లు. అంతర్జాతీయ పోటీల కొలతల్లో అయితే 43 నుంచి 48 లోపు ఇంటర్మీడియట్ అంటారు. వయసు ఎందుకు ముఖ్యమంటే, కుక్క ఎముకల చివర్లలో ఉండే ఎదిగే పొరలు మూసుకోడానికి మధ్య సైజు కుక్కకి ఏడాది దాకా, పెద్ద జాతులకి ఏడాదిన్నర దాకా పడుతుంది. ఈలోపు ఎత్తులు దూకించినా, బల్లల మీంచి కిందికి గెంతించినా జీవితాంతం కీళ్ల బాధ తప్పకపోవచ్చు. ఆరు నెలల లాబ్రడార్‌ని టైర్‌లోంచి దూకించే వీడియోలు చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. రాగికి ఆ ఇబ్బంది లేదు, వయసు దాటింది. కానీ కాలి వేళ్ల సందుల్లో చూస్తే గోమార్లు గుత్తులుగా ఉన్నాయి. పంటి చిగురుని వేలితో నొక్కి వదిలితే మళ్లీ ఎరుపు రావాల్సినంత ఎర్రగా రాలేదు. "తినడం కూడా తగ్గిందన్నా, ఎండకేమో అనుకున్నాం" అంది అమ్మాయి. నవంబర్‌లో ఎండేమిటి! పశువుల డాక్టర్ దగ్గరికి పంపించాను. రక్త పరీక్షలో ఎర్లీషియా అని వచ్చింది, మనవాళ్లు టిక్ ఫీవర్ అంటారే, అది. డాక్సీసైక్లిన్ 28 రోజుల కోర్సు రాశారు. వారానికే కుక్క హుషారైపోయింది కదా మొదలుపెడదామా అని అడిగారు, వద్దన్నాను. కోర్సు పూర్తయి, మళ్లీ రక్తం చూసి, ప్లేట్‌లెట్లు సరిగ్గా ఉన్నాయని డాక్టర్ చెప్పాకే పని. అట్లా డిసెంబర్‌లో మొదలవ్వాల్సింది సంక్రాంతి దాటింది. కోస్తాలో ఏ కుక్కకి ఏ ఆట నేర్పించాలన్నా ముందు గోమార్ల సంగతి చూడండి. రక్తం తక్కువున్న కుక్కని పరిగెత్తించి "బద్ధకం దీనికి" అనడం చాలా అన్యాయం.

ఆ మొదటి రోజు నా నోట్‌బుక్‌లో ఇంకో మాట కూడా రాసుకున్నాను. క్లిక్కర్ (కుక్క సరిగ్గా చేసిందని చెప్పడానికి టిక్కుమని నొక్కే చిన్న డబ్బీ) నొక్కితే రాగి చెవులు రెండూ వెనక్కి అతుక్కుపోయాయి, ఒక అడుగు వెనక్కి వేసింది. వాళ్లమ్మని అడిగితే చెప్పింది: "దీపావళికి మంచం కింద దూరి రెండు రోజులు ముద్ద ముట్టలేదు బాబూ." సరే, క్లిక్కర్ పక్కన పెట్టేసి నోటితో "యస్" అనే చిన్న మాటకి మారాం. "యస్" అంటే కోడిమాంసం ముక్క వస్తుంది, అంతే అర్థం. ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించి శనగ గింజంత ముక్కలు చేసుకోవాలి. మనూళ్లో చాలామంది ఎండు రొయ్యలు, ఎండు చేపలు పెడతారు, వాసనకి కుక్క పిచ్చిగా వస్తుంది నిజమే, కానీ ఆ ఉప్పు వద్దు. ఎంత మాంసం ఇచ్చామో అంత రాత్రి అన్నంలో తగ్గించమని కూడా చెప్పాను.

ఇంటి పక్క ఖాళీ ప్లాటే మా గ్రౌండ్. దానికే నాలుగు రోజులు పట్టింది. నిండా పల్లేరు కాయలు. చెప్పు లేకుండా మనం ఒక్క అడుగు వేయలేని చోట కుక్కని పరిగెత్తమంటే ఎట్లా? చెక్కి, ఊడ్చి, ఒక ట్రాక్టర్ ఇసుక తోలించి పల్చగా రెండంగుళాలు పరిచాం. ఎక్కువ పోస్తే కాలు దిగబడి భుజం పట్టేస్తుంది. సామాను అంతా వాళ్ల నాన్నగారే కొనుక్కొచ్చారు: అంగుళం పీవీసీ పైపులు, ఎల్బోలు, టీలు. అడ్డు దూకే చోట పైపు బిగించకూడదు, ఊరికే ఆనించి పెట్టాలి, కుక్క కాలు తగిలితే పడిపోవాలి. గొట్టం పిల్లలు ఆడుకునేది ఆన్‌లైన్లో తెప్పించాం, అది దొర్లకుండా అటూ ఇటూ సగం ఇసుక నింపిన సిమెంటు గోతాలు. బల్లకి పెయింట్ వేసి, తడి ఆరకముందే సన్న ఇసుక చల్లాం, కాలు జారకుండా. "ఇన్ని పైపులు ఇంటికి బోరు వేసినప్పుడు కూడా కొనలేదబ్బయ్యా" అన్నారాయన, కానీ ప్రతి జాయింట్ ఆయనే కూర్చుని అతికించారు.

మొదటి రెండు వారాలూ సామాను జోలికి పోలేదు. పని అంతా నేల మీదే. పేరు పిలిస్తే చూడటం, చాచిన అరచేతిని ముక్కుతో ముట్టడం, ప్లాస్టిక్ డ్రమ్ము చుట్టూ తిరిగి రావడం. అన్నిటికంటే పనికొచ్చింది వాళ్లింట్లో ఉన్న పీట. కుక్కకి ముందు కాళ్ల మీద ఉన్నంత ధ్యాస వెనక కాళ్ల మీద ఉండదు, వెనక కాళ్లు తన వెంట వచ్చే బండి అనుకుంటుంది. పీట మీద ముందు కాళ్లు రెండూ పెట్టించి, నేను పక్కకి ఒక అడుగు వేస్తే, నాకు ఎదురుగా ఉండటం కోసం అది వెనక కాళ్లు జరపాల్సి వస్తుంది. మొదటి రోజు రాగి పీట మీంచి దిగిపోయింది, మళ్లీ ఎక్కింది, దిగింది. మూడో రోజు ఎడమ వెనక కాలు ఒక్కసారి పక్కకి జరిగింది, అంగుళమో రెండంగుళాలో. "యస్!" వారం తిరిగేసరికి గడియారం ముల్లులా పీట చుట్టూ పూర్తిగా తిరిగేది. తర్వాత నిచ్చెన నేల మీద పడుకోబెట్టి మెట్ల మధ్య నడిపించాం. బల్ల ఎక్కినప్పుడు పడిపోకుండా కాపాడేది ఈ వెనక కాళ్ల తెలివే. ఇది వదిలేసి నేరుగా బల్ల ఎక్కించే వాళ్లని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

మూడో వారం నుంచి అడ్డు కర్రలు. ముందు రెండు నిలువు పైపుల మధ్య నుంచి ఊరికే నడవడం, తర్వాత పైపు నేల మీద, తర్వాత 10 సెంటీమీటర్లు. "ఇంతేనా అన్నా?" అంది అమ్మాయి, గోడ దూకే కుక్కకి ఇంత చిన్న ఎత్తా అని. సమస్య కుక్కలో లేదు, ఆ అమ్మాయిలో ఉంది, ఆమెకి అదే చెప్పాను. మాంసం ముక్క వేళ్ల మధ్య పట్టుకుని, కుక్క మీదికి వంగి, "రాగీ రా రా, రాగీ, దూకు దూకు" అని ఆపకుండా పిలుస్తుంది. కుక్క ఆమె వేళ్లనే చూస్తూ వచ్చి అడ్డుని గుద్దుకుంటుంది. రెండు రోజులు కుక్కని కట్టేసి అమ్మాయి ఒక్కదాన్నే పరిగెత్తించాను, నోరు మూసుకుని, నడుము నిటారుగా, పాదం వెళ్లాల్సిన వైపు పెట్టి. ముక్క చేతిలోంచి ఇవ్వడం మానేసి అడ్డు దాటాక ముందుకి విసరమన్నాను, లేకపోతే అవతల డబ్బా మూత మీద ముందే పెట్టమన్నాను. కుక్క చూపు చేతి మీంచి దారి మీదికి మారింది. అదే రోజు సాయంత్రం మూడు అడ్డులు వరసగా ఒక్క పైపు పడకుండా దాటింది. అమ్మాయి నోట మాట రాలేదు, నేను రానివ్వలేదు కూడా, "యస్" అనమన్నాను అంతే.

గొట్టం దానికి చాలా తేలికైంది. మొత్తం కుదించి రెండడుగుల చుట్టలా చేసి, అవతలి పక్క అమ్మాయి నేల మీద కూర్చుని, ఒకరి మొహం ఒకరికి కనపడేట్టు పెట్టాం. మెడ పట్టీ తీసేశాం, లోపల తీగకి తగులుకుంటే ప్రమాదం. రాగి ముందు తల పెట్టి వాసన చూసింది, ఒక కాలు లోపల వేసి ఆ గుడ్డ గరగరకి వెనక్కి తీసింది. మేమిద్దరం కదల్లేదు. మళ్లీ కాలు వేసింది, ఈసారి వెనక్కి తియ్యలేదు. రెండో కాలు, నడుము, తోక, బయట! నాలుగు రోజుల్లో గొట్టం మూడు మీటర్లు సాగింది. తర్వాత గొట్టం పిచ్చి పట్టుకుంది దానికి, ఏమీ చెప్పకపోయినా పోయి దూరి వచ్చి మా మొహం చూసేది.

ఇక నా తప్పు సంగతి. ఆరో వారం, ఫిబ్రవరి చివర. ఊగుడు బల్ల మొదలుపెట్టాం. పోటీల్లో అది 3.6 మీటర్ల పొడవు, మధ్యలో 60 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. మాది ఆరడుగుల బల్ల, మధ్యలో 8 అంగుళాలు, అంతే. కుక్క ఒక పక్క ఎక్కి, మధ్య దాటగానే రెండో పక్క కిందికి వాలుతుంది, వాలి నేలకి కొట్టుకున్నాక కుక్క దిగాలి. అజిలిటీలో కొత్త కుక్కకి అన్నిటికంటే కష్టమైంది ఇదే, ఎందుకంటే కాలి కింద నేల కదులుతుంది, పైగా చప్పుడు. మొదటి రెండు రోజులు వాలే చివర కింద మడత పెట్టిన గోనె సంచి వేశాను. ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. మూడో రోజు పొద్దున, బాగానే చేస్తోంది కదా అని సంచి తీసేశాను. ఇసుక కింద ఎక్కడో పాత పునాది ఇటుక ఉంది, నేను చూడలేదు. బల్ల సరిగ్గా దాని మీద పడింది. ఠప్పుమని చప్పుడు, బల్ల అదిరి కుక్క కాళ్ల కింద ఎగిరింది. రాగి పక్కకి గెంతి, పరుగెత్తి, గేటు సందులోంచి ఇంట్లోకి పోయి మంచం కింద దూరింది. దీపావళికి దూరిన అదే మంచం.

మర్నాడు ప్లాటులోకి రాలేదు. ఆ మర్నాడు గేటు దగ్గర నిలబడి పెదాలు నాక్కుంటూ, ఆవలిస్తూ ఉంది. నిద్రొచ్చి కాదు, కుక్క భయపడినప్పుడు ఆవలిస్తుంది. కోడిమాంసం ముక్క మూతి దగ్గర పెడితే మొహం తిప్పేసుకుంది. ఇష్టమైన గొట్టం వైపు కూడా చూడలేదు. క్లిక్కర్ చిన్న చప్పుడుకే చెవులు వెనక్కి వేసిన కుక్క అని మొదటి రోజే రాసుకున్నాను, ఆ పేజీ మళ్లీ తిరగేయలేదు. వాళ్లింట్లో అందరి ముందూ "తప్పు నాది, రాగిది కాదు" అని చెప్పాను. పెద్దాయన ఒక్కటే అడిగారు, "మళ్లీ వస్తాదా?" అని. వస్తుంది, కానీ ఎన్నాళ్లకో మనం చెప్పలేం, అదే చెప్పాలి అన్నాను.

సామాను మొత్తం తీసి గోడ పక్కన పెట్టేశాం, ఊగుడు బల్ల అయితే కంటికి కనపడకుండా మేడ మీదికి చేర్చాం. వారం రోజులు ప్లాటులో ట్రైనింగ్ లేదు. పొద్దున, సాయంత్రం గుప్పెడు మాంసం ముక్కలు ఇసుకలో వెదజల్లి గేటు తీసి పెట్టడమే. వస్తే వచ్చింది, లేకపోతే లేదు, పిలవడం లేదు, లాగడం లేదు. నాలుగో రోజు గేటు దాటింది. ఐదో రోజు మధ్య దాకా వాసన చూసుకుంటూ పోయింది. ఏడో రోజు గొట్టం ఒక్కటీ తెచ్చి పెట్టాం, తనంతట తనే దూరింది, అమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

చప్పుడు పని ఇంకో పక్క ఇంట్లో నడిచింది, ప్లాటులో కాదు. రెండడుగుల చెక్క ముక్క, దాని ఒక అంచు కింద పెన్సిలు. అంటే అంచు లేచేది పెన్సిలు మందమే. కింద వాళ్ల నానమ్మ కుట్టిన బొంత నాలుగు మడతలు. రాగి దాని మీద పంజా వేస్తే చెక్క వాలి మెత్తగా దబ్ అంటుంది, "యస్", ముక్క. ఇక్కడ కీలకం ఏమిటంటే చప్పుడు చేసేది కుక్కే, మనం కాదు. తను చేస్తే వచ్చే చప్పుడు, తను ఆపితే ఆగే చప్పుడు. నాలుగు మడతలు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి. ఒక మడత తీసిన రోజు పెన్సిలు మందం పెంచం, పెన్సిలు బదులు వేలంత కర్ర పెట్టిన రోజు బొంత తియ్యం. ఒక రోజు ఒకటే మార్పు. చెవులు వెనక్కి పోతే, లేదా ముక్క నమలడం మెల్లగా అయితే, మళ్లీ ఒక మెట్టు వెనక్కి. పదిహేనో రోజుకి కటిక నేల మీద చెక్క టప్పుమంటున్నా రాగి కాలు తీసి మళ్లీ కొట్టి మా మొహం చూస్తోంది, ఏదీ ముక్క అన్నట్టు. బల్ల పడిన రోజు నుంచి లెక్కేస్తే 19వ రోజున ఊగుడు బల్ల మళ్లీ ప్లాటులోకి దించాం. ఈసారి ఇసుక అంతా గడ్డపారతో గుచ్చి చూసి, రెండు చివర్ల కిందా గోనె సంచులు వేసి, మొదటి మూడు రోజులూ రెండు పక్కలా ఇటుకలు పేర్చి బల్ల అంగుళం కంటే ఎక్కువ ఊగకుండా చేశాం.

అప్పటికి మార్చి నడుస్తోంది, నెల్లూరు ఎండ సంగతి చెప్పేదేముంది. పొద్దున ఐదున్నరకి మొదలుపెట్టి ఆరున్నరకల్లా మూసెయ్యడమే. అందులోనూ కుక్క పని చేసేది మూడేసి నిమిషాలు చొప్పున నాలుగు సార్లు, మిగతాది నీడ, నీళ్లు. అరచెయ్యి వెనక పక్క నేల మీద ఏడు సెకన్లు పెట్టి ఉంచలేకపోతే కుక్క పాదం కూడా పెట్టకూడదు. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దాని ఫ్యాను. మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉండే ఒళ్లు 105 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే. నాలుక వెడల్పుగా గరిటెలా సాగి, చొంగ జిగురుగా కారి, చిగుళ్లు ముదురు ఎరుపు అయితే అక్కడికక్కడే ఆపి, ఒంటి మీద నీళ్లు పోసి, గాలి తగిలేట్టు చేసి, అప్పుడు ఆసుపత్రికి బయల్దేరాలి. చల్లబరచకుండా ఆటోలో వేసుకుని పరిగెత్తడం కాదు. రాగికి ఆ అవసరం రాలేదు, రానివ్వలేదు.

మెలికల కర్రల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఆరు కర్రలు, 60 సెంటీమీటర్ల దూరంలో, మొదట రెండు వరసలుగా విడదీసి మధ్యలో సందులా పెట్టి నేరుగా నడిపించడం, రోజూ ఆ సందు కాస్త మూసుకుంటూ రావడం. ఇంకా అరచెయ్యంత సందు మిగిలి ఉంది. తొందరేమీ లేదు.

ఏప్రిల్ రెండో వారంతో ఈ విడత ముగించాం. 25 సెంటీమీటర్ల ఎత్తులో మూడు అడ్డులు, గొట్టం, అడుగు ఎత్తు నడక బల్ల, ఈ మూడూ వరసగా అమ్మాయి పక్కన పరిగెడుతుంటే తాడు లేకుండా చేస్తుంది. పోటీలో ఇంటర్మీడియట్ కుక్కకి 45 నుంచి 50 దాకా పెడతారు, దానికి మేం ఇంకా దగ్గర్లో లేం. గోడ దూకడం పూర్తిగా మానలేదు, మార్చిలో ఒకసారి మేకల మంద వెంట పడింది. కానీ అమ్మాయి వీధిలోకి పోయి చెయ్యి చాపితే వెనక్కి వచ్చి ముక్కుతో ముట్టింది, అది ముందు లేదు. ఆ నెలలోనే వీధిలో పెళ్లి ఊరేగింపు పోతూ తీన్‌మార్ డప్పులు మోగాయట. రాగి మంచం వైపు రెండు అడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చి అమ్మాయి కాళ్ల దగ్గర కూర్చుందని ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి అన్నం తిందట.

చివరి రోజు ఊగుడు బల్ల. రాగి ఎక్కింది, మధ్య దాకా వచ్చి ఆగింది. ముందు కుడి కాలు కాస్త ముందుకి పెట్టి బరువు మార్చింది, బల్ల కదిలింది, కాలు వెనక్కి తియ్యలేదు. బల్ల వాలి సంచి మీద దబ్బుమని పడేదాకా అట్లాగే నిలబడింది. ఎడమ చెవి ఒక్కసారి వెనక్కి పోయి మళ్లీ ముందుకి వచ్చింది. ముక్క తీసుకుని అక్కడే నిలబడి నమిలింది.

ఎండాకాలం అంతా ఇంట్లో పీట పనే. వానలు తగ్గాక మళ్లీ గ్రౌండ్. "అన్నా, బాగా చేస్తోంది కదా, అప్పటికి సంచి తీసేద్దామా?" అని అడిగింది అమ్మాయి. దీపావళి దాటనీ తల్లీ, అప్పుడు దాని చెవులు చూసి చెప్తాను అన్నాను.